పప్పుబెల్లాల నుంచి కమిటీ కుర్చీ దాకా

వీధిబడుల రోజుల్లో పిల్లాడి చదువు సంగతి తల్లికి ఎలా తెలిసేదనుకున్నారు? దసరా వచ్చిందంటే అయ్యవారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. చేతుల్లో విల్లంబులు, నోట పద్యాలు! గడపలో నిలబడి విన్న తల్లికి అదే ప్రోగ్రెస్ రిపోర్టు. అయ్యవారికి కట్నం, పిల్లలకు పప్పుబెల్లాలు ముట్టేవి.

మరి ఆ తల్లి చదువు మాటేమిటి? తెలుగుకి వ్యాకరణం రాసిన క్యాంబెల్ దొర బళ్ళారి కలెక్టరుగా 1823లో బడుల లెక్క తీస్తే, 6,641 మంది పిల్లల్లో ఆడపిల్లలు 60 మందే! అందుకేనేమో, తర్వాత మార్కుల కార్డు ఇంటికొచ్చినా సంతకం మాత్రం నాన్నగారిదే అయింది. అన్నం పెట్టి బడికి పంపేది అమ్మ, కబురు అందేది నాన్నకు!

2009 విద్యాహక్కు చట్టం ఈ పద్ధతి మార్చింది. ఎనిమిదో తరగతి దాకా చదువు చెప్పే ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతులకు తగ్గకుండా పిల్లల తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండాలంది. మొత్తం సభ్యుల్లో సగంమంది ఆడవాళ్ళే కావాలంది.

కనుక మీటింగని కబురొస్తే, "వంటపనుందండీ" అంటూ ఆయన్ని పంపేసి ఊరుకోకండి. ఆరో తరగతి పిల్ల పొద్దుటినుంచీ మంచినీళ్ళు తాగకుండా ఇంటికొస్తోందంటే, కారణం మార్కుల కార్డులో కనిపించదు. బళ్ళో మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదేమో! ఆ మాట అడగాలని ముందుగా తోచేది అమ్మకే కదూ?