బెలూనా, కత్తా? పంజాగుట్ట చెప్పిన తీర్పు

1994 అక్టోబరులో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ అనే అమెరికా వైద్య పత్రిక ఒక పరిశోధన పత్రాన్ని అచ్చువేసింది. అందులోని 60 మంది రోగులకూ వైద్యం జరిగింది హైదరాబాద్ పంజాగుట్టలో, నిమ్స్ ఆస్పత్రిలో. మూసుకుపోతున్న గుండె కవాటాన్ని ఛాతీ కోసి తెరవాలా, తొడ దగ్గరి రక్తనాళం గుండా బెలూన్ పంపి తెరవాలా అన్నది అప్పటికి వైద్యలోకంలో నలుగుతున్న తగువు. దాన్ని తేల్చడంలో పెద్ద చెయ్యి మనవాళ్లది. మోమిన్‌పేట్ నుంచో తాండూరు నుంచో దమ్ముతో రొప్పుతూ పట్నం దవాఖానకొచ్చే మనిషికి మాత్రం, తనలాంటివాళ్ల గుండెలే ఆ తగువు తీర్చాయన్న సంగతి తెలియదు.

ఈ జబ్బు మొదలయ్యేది గుండెలో కాదు, గొంతులో. బడి ఈడు పిల్లలకు స్ట్రెప్టోకోకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతు నొప్పి, జ్వరం వస్తాయి, తగ్గిపోతాయి. రెండు మూడు వారాలయ్యాక కొందరికి మోకాలు వాస్తుంది. అది తగ్గేలోపు చీలమండ పట్టుకుంటుంది. సూక్ష్మజీవిని చంపాల్సిన రోగనిరోధక శక్తి సొంత గుండె మీదికే మళ్లుతుంది. దీన్నే కీళ్లవాత జ్వరం అంటారు. కీళ్లు బాగుపడతాయి, కవాటం బాగుపడదు. ఏళ్లు గడిచేకొద్దీ దాని రేకులు మందమై, అంచులు అతుక్కుపోతాయి. గుండెలో ఎడమవైపు ఉండే మైట్రల్ కవాటం మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకోవాలి. అది ఒక్క చదరపు సెంటీమీటరుకు కుంచించుకుపోతే రక్తం ముందుకు సాగక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఇరుకు ఇళ్లలో, కిక్కిరిసిన గదుల్లో పెరిగే పిల్లలనే ఎక్కువగా పట్టే జబ్బిది. ధనిక దేశాలు దీన్ని దాదాపుగా వదిలించుకున్నాయి.

వికారాబాద్ ప్రాంతంలో దీనికి తోడు ఇంకో చిక్కు. మైట్రల్ కవాటం ఇరుకైనవాళ్లకు దగ్గు, ఆయాసం, ఒక్కోసారి కళ్లెలో నెత్తురు కనిపిస్తాయి. టీబీ లక్షణాలూ అవే. అనంతగిరి కొండ మీద నిజాం కాలం నాటి టీబీ దవాఖాన ఉండడంతో, నెత్తురు పడిందంటే చుట్టుపక్కల జనం చూపు ఆ కొండ వైపే పోవడం సహజం. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి ఓపిగ్గా వినే డాక్టరు దొరికితేనే అసలు జబ్బు బయటపడుతుంది. ఆడవాళ్లలో ఇది తరచుగా కాన్పుకు ముందు బయటపడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది. ఇరుకు కవాటం ఆ భారాన్ని మోయలేదు. నిన్నటిదాకా పత్తి ఏరిన పిల్ల ఆరో నెలలో పడుకుంటే ఊపిరాడక రాత్రంతా కూర్చునే ఉంటుంది. ఇంట్లోవాళ్లు నీరసం అనుకుంటారు.

కవాటాన్ని కత్తితో బాగుచేయాలన్న తలంపుకు వందేళ్లు దాటాయి. 1923 మేలో బోస్టన్‌లో ఇలియట్ కట్లర్ మంచం పట్టిన పన్నెండేళ్ల బాలిక గుండెలోకి సన్నని కత్తి పంపి మైట్రల్ కవాటాన్ని కోశాడు. ఆ పిల్ల నాలుగేళ్లకు పైగా బతికింది. తర్వాత అదే దారిలో చేసినవాళ్లలో దాదాపు అందరూ చనిపోవడంతో ఆయన మానుకున్నాడు. 1925లో లండన్‌లో హెన్రీ సౌటర్ కత్తి లేకుండా వేలితోనే కవాటాన్ని విప్పాడు, రోగి కోలుకుంది. అయినా గుండె వైద్యులు ఆయన దగ్గరికి రెండో రోగిని పంపలేదు. గుండె మీద చెయ్యి వేయడం అపచారమన్న భావన అప్పట్లో అంత బలంగా ఉండేది. ఇరవై మూడేళ్లు వృథాగా పోయాయి. 1948 జూన్ 10న ఫిలడెల్ఫియాలో చార్లెస్ బెయిలీ నాలుగో రోగినీ పోగొట్టుకున్నాడు. ఇంకొకటి పోతే తనను ఆపేస్తారని తెలిసి, అదే రోజు మరో ఆస్పత్రిలో ఐదో రోగికి ఆపరేషన్ చేశాడు. ఆమె బతికింది. మొండితనమనాలో సాహసమనాలో నాకిప్పటికీ తేలదు గానీ, ఆ సాయంత్రం లేకపోతే కవాటాల శస్త్రచికిత్స ఇంకెన్నేళ్లు ఆగేదో.

గుండె గురించిన ప్రపంచపు తగువు హైదరాబాద్‌కు రావడం 1990ల్లోనే మొదలు కాదు. 1888, 1889లలో ఇక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. క్లోరోఫాం మనిషిని చంపితే శ్వాస ఆపి చంపుతుందే తప్ప గుండెను నేరుగా దెబ్బతీయదని రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాదన. నిజాం డబ్బిచ్చాడు, లండన్ నుంచి ‘లాన్సెట్’ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు, లారీ మాటే నెగ్గింది. తీరా 1911లో ఏజీ లెవీ ప్రయోగాలు ఆ తీర్పును తిరగరాశాయి: క్లోరోఫాం గుండెనూ ఆపగలదు.

రెండోసారి మాత్రం హైదరాబాద్ మాట నిలిచింది. జపాన్‌లో కాంజీ ఇనోయె 1982లో బెలూన్‌తో మైట్రల్ కవాటాన్ని తెరిచాడు. రోగికి పూర్తి మత్తు అక్కర్లేదు. తొడ దగ్గర గుచ్చి, గొట్టాన్ని గుండె దాకా నడిపి, గదుల మధ్య గోడకు చిన్న రంధ్రం చేసి, కవాటంలో బెలూన్‌ను కొన్ని క్షణాలు ఉబ్బిస్తారు. అతుక్కున్న అంచులు విడిపోతాయి. బాగానే ఉంది, కానీ కత్తికి ఇది సాటి వస్తుందా? నిమ్స్‌లో కార్డియాలజిస్టు బి. సోమరాజు, సర్జన్ డి. ప్రసాదరావు బృందాలు అమెరికా వైద్యులతో కలిసి పరీక్షకు పెట్టాయి. ఎవరికి బెలూన్, ఎవరికి ఆపరేషన్ అన్నది డాక్టరు ఇష్టానికి వదలకుండా చీటీ వేసినట్టు నిర్ణయించారు. 1991లో అచ్చయిన మొదటి అధ్యయనంలో 40 మంది. గుండెను తెరవకుండా చేసే పాత ఆపరేషన్‌కు బెలూన్ సాటి వచ్చింది. 1994 నాటి రెండోదానిలో గుండె తెరిచి చేసే ఆపరేషన్‌తో పోటీ. మూడేళ్ల తర్వాత కొలిస్తే బెలూన్ వాళ్ల కవాటం సగటున 2.4 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటోంది, ఆపరేషన్ వాళ్లది 1.8. ఏ ఆయాసమూ లేకుండా పని చేసుకుంటున్నవాళ్లు బెలూన్ వైపు 72 శాతం, ఆపరేషన్ వైపు 57 శాతం. పైగా ఖర్చు తక్కువ. సోమరాజుకూ ప్రసాదరావుకూ 2001లో పద్మశ్రీ వచ్చింది.

అందరికీ బెలూన్ పనికిరాదు. కవాటంలో సున్నం పేరుకున్నా, గట్టిగా లీకవుతున్నా, గుండె గదిలో నెత్తురు గడ్డ ఉన్నా సర్జన్ దగ్గరికి వెళ్లక తప్పదు. లీకయ్యే కవాటానికి ఉంగరం వేసి కుట్టే మరమ్మతును పారిస్‌లో అలెన్ కార్పెంటియర్ శాస్త్రంగా నిలబెట్టాడు. సొంత కవాటమే మిగులుతుంది కాబట్టి, గుండె లయ తప్పకపోతే, జీవితాంతం రక్తం పలచన చేసే మాత్ర అక్కర్లేదు. కీళ్లవాత జ్వరంతో గట్టిపడ్డ రేకులు ఆ కుట్టుకు అంత తేలిగ్గా లొంగవు. అప్పుడు మార్చడమే. తిరువనంతపురంలో ఎం.ఎస్. వలియత్తాన్ బృందం తయారుచేసిన చిత్ర వాల్వును 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. విదేశీ వాల్వు కొనలేని లక్షమందికి పైగా అది ఊపిరి పోసింది.

డబ్బు గోడను కొంతవరకు కూల్చింది ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలై, మోమిన్‌పేట్ అప్పుడున్న రంగారెడ్డి జిల్లాకు అదే ఏడాది డిసెంబరులో వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పరిమితి పది లక్షల రూపాయలు.

ఆపరేషన్ తర్వాత? కోసిన ఛాతీ ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ లోపు కందికోతలొచ్చినా మోపు ఎత్తకూడదు. అసలు పరీక్ష దాని తర్వాత మొదలవుతుంది. లోహపు వాల్వు పెట్టించుకున్నవాళ్లు రక్తం పలచన చేసే వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ మాత్ర రోజూ వేసుకోవాలి, ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష క్రమం తప్పకుండా చేయించాలి. మైట్రల్ వాల్వుకు అది సాధారణంగా 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. తగ్గితే వాల్వు మీద గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు, పెరిగితే రక్తస్రావం. గోంగూర, పాలకూర మానక్కర్లేదు. ఒక వారం అసలు లేకుండా మరో వారం పూటపూటా తినడంతోనే ఇబ్బంది. ఒళ్లు నొప్పులని ఊళ్లో నొప్పి సూది వేయించుకోవడం ప్రమాదం. పన్ను పీకించేముందు వాల్వు సంగతి చెప్పాలి. బిడ్డ కావాలనుకునే ఆడవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి, ఎందుకంటే వార్ఫరిన్ తొలి నెలల్లో గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. బెలూన్ అయినా, కుట్టు అయినా, వాల్వు మార్చినా, కీళ్లవాత జ్వరం మళ్లీ రాకుండా పెనిడ్యూర్ సూదిని మూడు వారాలకోసారి, డాక్టరు చెప్పినన్నేళ్లు వేయించుకోవాలి.

గొప్ప ఆపరేషన్‌ను అసలు చెడగొట్టేది సర్జన్ చెయ్యి కాదు, ఊరికి తిరిగొచ్చాక తప్పిపోయే ఈ చిన్న పరీక్షలే. ఒక్క రక్తపరీక్ష కోసం రోజు కూలి వదులుకుని పట్నం పోవాలంటే రెండు మూడు నెలలకు ఎవరైనా మానేస్తారు, దానికి రోగిని తిట్టి లాభం లేదు. వికారాబాద్‌కు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఇక ఐఎన్‌ఆర్ పరీక్ష, పెనిడ్యూర్ సూది ప్రతి మండలంలోనూ ఏడాది పొడుగునా దొరికేలా అధికారులు చూడాలి. మీ ఇంట్లో వాల్వు ఆపరేషన్ అయినవాళ్లుంటే, చివరిసారి ఐఎన్‌ఆర్ ఎప్పుడు చేయించారో ఈ ఆదివారమే అడగండి.