కుడికాలి గేరు బండి: మన ఉస్తాదుల తారీఖ్

ఉర్దూలో ‘తారీఖ్’ అంటే తేదీ, చరిత్ర కూడా అదే మాట. ఉర్దూ మీడియంలో చదివిన మాకు రెండూ కలిసే తలకెక్కాయి. డిగ్రీకి తెలుగులోకి వచ్చాక గానీ చరిత్ర వేరు, తేదీ వేరు అని తెలియలేదు. ఇప్పుడు నేను చెప్పబోయే బండికి తేదీలు బోలెడు దొరుకుతాయి. చరిత్ర మాత్రం సగమే రాశారు.

బండి అంటే బుల్లెట్. గొల్లపల్లి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఏ బుజుర్గ్‌ని కదిపినా బుల్లెట్ గురించి ఒక కథ చెప్తారు. ఆ కథలో ఒక దొర ఉంటాడు, లేకపోతే ఒక ఎస్సై ఉంటాడు. బండిని నడిపించినవాడు కథలో ఉన్నాడు, నడిచేలా చేసినవాడు లేడు. ఆ రెండోవాడు చాలా ఊళ్లల్లో మనవాడే. అతని సంగతికి వచ్చేముందు బండి పుట్టుక చెప్పాలి, ఎందుకంటే ఇది దొరల కోసం పుట్టిన బండి కానే కాదు.

ఇంగ్లండ్‌లో ‘ట్రయల్స్’ అని ఒక ఆట ఉంది. రేసు కాదు. ఎవరు ముందు పోయారన్నది లెక్కే కాదు. రాళ్లు, బురద, వాగు, నిట్టనిలువు గట్టు ఉన్న చోట కొంత దూరం గీత గీసి ఇస్తారు. కాలు కింద పెట్టకుండా దాటాలి. ఒకసారి కాలు ఆనిస్తే ఒక పాయింటు పోతుంది, మాటిమాటికీ ఆనిస్తే మూడు, బండి ఆగినా పడినా ఐదు. తక్కువ పోగొట్టుకున్నవాడు గెలిచినట్టు. జోష్ ఉంటే సరిపోదు, సబర్ కావాలి. స్కాట్లండ్ కొండల్లో ఆరు రోజులపాటు జరిగే పోటీ ఈ ఆటకి అన్నిటికంటే పెద్ద ఇమ్తిహాన్. 1909 నుంచి, యుద్ధాల కాలం, ఇంకా కొన్ని ఏళ్లు తప్ప, అది నడుస్తూనే ఉంది.

రెడ్డిచ్ అనే ఊళ్లో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1948లో కొత్త రకం బుల్లెట్‌ని ఈ పోటీల్లోకే ముందుగా దింపింది. అప్పటిదాకా చాలా బండ్లకి వెనుక చక్రం ఫ్రేముకి బిగుసుకుని ఉండేది, స్ప్రింగు సీటు కిందే. కొత్త బుల్లెట్‌కి వెనుక చక్రాన్ని ఊగే చేతిలాంటి కమ్మీకి పెట్టి, రెండు పక్కలా షాకబ్జార్బర్లు బిగించారు. పాత సవార్లు ముఖం చిట్లించారు. చక్రం ఊగితే మట్టి మీద పట్టు పోతుందని వాళ్ల అనుమానం. ఆ ఏడాదే ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో బుల్లెట్ల మీద వెళ్లిన చార్లీ రోజర్స్, విక్ బ్రిటన్ బంగారు పతకాలు తెచ్చుకున్నారు. ఇవాళ ఏ బైకు చూసినా వెనుక చక్రం ఆ పద్ధతిలోనే ఊగుతుంది.

1948 అంటే మన ఇళ్లల్లో ఒకటే అర్థం: పోలీస్ యాక్షన్. అమ్మమ్మలు ఏ సంగతి చెప్పినా ‘పోలీస్ యాక్షన్ కంటే ముందు’, ‘తర్వాత’ అనే చెప్పేవారు. బుల్లెట్‌కి తమగాలు దక్కిన ఏడాది, మన ముల్క్ తలకిందులైన ఏడాది ఒకటే. రెండింటికీ సంబంధం లేదు. కానీ ఆ తర్వాత ముప్పై ఏళ్లల్లో ఆ బండి ఏ ఊరికి ఎవరి కింద వచ్చిందో చూస్తే, ఆ తేదీ నాకు గుర్తుకు రాకుండా పోదు.

విక్ బ్రిటన్ కొడుకు జానీ బ్రిటన్ 1952లో, మళ్లీ 1957లో స్కాట్లండ్ పోటీ గెలిచాడు. అతని బుల్లెట్ నంబరు హెచ్‌ఎన్‌పీ 331. అంతకు ముందు 1947, 48, 49లో వరుసగా మూడేళ్లు ఏజేఎస్ బండి మీద హ్యూ వైనీ గెలిచాడు. తర్వాత కాలంలో బెల్‌ఫాస్ట్‌వాడు సామీ మిల్లర్ ఏరియల్ బండి మీద, జీఓవీ 132 నంబరుతో, ఎంత పేరు తెచ్చుకున్నాడంటే ఆ నంబరు పలికితే చాలు అక్కడి షౌకీన్లకి బండి కళ్ల ముందు నిలుస్తుంది. 1964 ఆఖర్లో అతను స్పెయిన్ కంపెనీ బుల్టాకోకి మారాడు. తేలికైన టూ స్ట్రోక్ బండి వచ్చాక బరువైన ఇంగ్లీషు బండ్ల జమానా ఆ ఆటలో ముగిసిపోయింది. మిల్లర్ ఊరుకోలేదు, పాత బండ్లన్నీ కూడబెట్టి న్యూ మిల్టన్‌లో మ్యూజియం పెట్టాడు.

మన దగ్గరికి ఇంగ్లీషు బండ్లు బుల్లెట్ కంటే ముందే వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఫౌజు వాడిన బీఎస్‌ఏ, నార్టన్, మ్యాచ్‌లెస్ బండ్లు యుద్ధం అయ్యాక మిగులు సరుకుగా దేశంలో అమ్ముడుపోయాయి. మన పెద్దలు దేన్నైనా ‘ఫట్‌ఫటీ’ అనేసేవారు, కంపెనీ పేరుతో వాళ్లకి పనిలేదు. ఇక నిజాం రైల్వేవాళ్లు 1932లో 27 బస్సులతో రోడ్డు సర్వీసు మొదలుపెట్టినప్పుడు నడిపిన ఆల్బియన్ బస్సులు స్కాట్లండ్‌వే. కొండల పోటీ జరిగే ఆ ముల్క్ ఇనుము మన రోడ్లకి కొత్తేమీ కాదు.

స్వాతంత్ర్యం తర్వాత సరిహద్దుల్లో పహరాకి, పోలీసులకి గట్టి బండి కావాలని ప్రభుత్వం వెతికి బుల్లెట్ 350ని ఎంచుకుంది. మద్రాస్ మోటార్స్‌తో కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. మొదట్లో రెడ్డిచ్ నుంచి విడిభాగాలు తెచ్చి మద్రాసు పక్కన తిరువొత్తియూర్‌లో బిగించేవారు. 1962కల్లా మొత్తం బండి ఇక్కడే తయారైంది. రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, 1970 దాటేసరికి అసలు ఇంగ్లీషు కంపెనీయే లేదు. 1977లో మద్రాసు బుల్లెట్లని ఇంగ్లండ్‌కి ఎగుమతి చేయడం మొదలుపెట్టారు. తల్లి చనిపోయాక బిడ్డ పుట్టింటికి చుట్టంలా పోయినట్టు.

ఇప్పుడు జగిత్యాల వైపు రండి. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాలలో రైతు కూలీల జైత్రయాత్ర జరిగింది. అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. వెట్టి చేయించుకున్న దొరల గడీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఊళ్లోకి బుల్లెట్ వచ్చే చప్పుడుకి ఆ రోజుల్లో ఒక మానీ ఉండేది. ముందు దొర, తర్వాత పోలీసు. ఆ నిదానమైన డగ్‌డగ్‌డగ్ చాలా దూరం వినిపిస్తుంది, అంటే దాక్కోడానికి టైం ఇస్తుంది. నా చిన్నతనంలో, అంటే ఎనభైల చివర, ఆ చప్పుడు వినగానే ఖాలాలు పిల్లల్ని లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేసేవారు. ఎందుకని మేం అడగలేదు.

ఈ రెండు చప్పుళ్ల మధ్య ఉస్తాద్ ఉండేవాడు. నేను మాట్లాడిన ఒక ఉస్తాద్ పేరు రాయొద్దన్నాడు, రాయను. వేపచెట్టు కింద తడకల దుకాణం, ఒక సబ్బుపెట్టెలో పాయింట్లు, ప్లగ్గులు, గోనెసంచి మీద పానాలు. దొర బండి ఆయనే బాగుచేశాడు. దొర పోయాక పోలీసుల బండ్లు ఆయన దగ్గరికే వచ్చాయి. రాత్రి వేరేవాళ్లు వచ్చి, వాళ్ల బండ్లు ఎందుకు ముట్టుకుంటున్నావని అడిగారు. పొద్దున యూనిఫాంవాళ్లు వచ్చి, రాత్రి ఎవరొచ్చారని అడిగారు. ఇద్దరికీ ఆయన ఇచ్చిన జవాబు ఒకటే: “బండికి జాత్ లేదు సాబ్, చప్పుడు ఉంది. చప్పుడు బాగాలేకపోతే బాగుచేస్తా.” నవ్వుతూ చెప్పాడు గానీ, ఆ నాలుగేళ్లు మగ్రిబ్ దాటాక దుకాణంలో దీపం పెట్టలేదన్న మాట కూడా ఆయనే చెప్పాడు. ఉద్యమాల మీద, ఎన్‌కౌంటర్ల మీద మన జిల్లాలో పుస్తకాలు చాలానే వచ్చాయి. రెండు వైపులా జవాబు చెప్పుకుంటూ రోజీ సంపాదించిన ఇలాంటి మనిషికి వాటిలో ఒక పేజీ కూడా నాకు కనబడలేదు.

ఆయన ఇల్మ్ ఏ కితాబులోదీ కాదు. పాత బుల్లెట్‌ని స్టార్ట్ చేయడమే ఒక ఆదాబ్. హెడ్‌లైట్ పైన ఆంపియర్ మీటర్ ఉంటుంది. కిక్కుని మెల్లగా నొక్కుతూ పోతే దాని ముల్లు ఒక చోట మధ్యకి వచ్చి ఆగుతుంది. అంటే పాయింట్లు విడిపడ్డాయి, పిస్టన్ పైకి చేరబోతోంది. అప్పుడు హ్యాండిల్ మీది డికంప్రెషర్ లీవర్ నొక్కి, కిక్కుని కొంచెం దాటించి, లీవర్ వదిలి, ఒక్క నిండు కిక్కు కొట్టాలి. తొందరపడితే కిక్కు వెనక్కి తన్ని మడమ విరుగుతుంది. కొత్త షాగిర్ద్‌కి ఆయన మొదటి నెలంతా పానా ఇచ్చేవాడు కాదట. ముల్లు చూడమనేవాడు, చప్పుడు వినమనేవాడు. ట్యాపెట్ వదులైతే ఒక చప్పుడు, చెయిన్ వదులైతే ఒకటి, బిగ్ ఎండ్ అరిగితే లోపల ఎవరో తలుపు కొట్టినట్టు ఇంకొకటి. నడుస్తున్న బండి ఇంకా మలుపు తిరగకముందే దానికేం జబ్బో చెప్పగలిగినవాడే మెకానిక్ అని ఆయన లెక్క.

70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీ. లోపల ఫ్లైవీల్ బరువుది కాబట్టి ఇంజన్ తక్కువ స్పీడులోనూ ఆగదు. స్కాట్లండ్ రాళ్ల మీద జానీ బ్రిటన్‌కి ఏది అక్కరకొచ్చిందో, మన పొలంగట్ల మీద అదే అక్కరకొచ్చింది. వానాకాలంలో నల్లరేగడి మీద, నీళ్లు పారుతున్న వాగులో, ఇసుకలో, వెనుక సీటు మీద రెండు బస్తాలతో, కాలు కింద పెట్టకుండా మొదటి గేరులో దాటించేవారు. ఊరూరూ తిరిగే ఆర్‌ఎంపీ డాక్టర్, సిరిసిల్ల బట్టల మూట కట్టుకుని వాయిదాల మీద అమ్ముకునే మన కపడావాలా, పాత పోలీసు బండిని వేలంలో కొనుక్కున్న ధాన్యం వ్యాపారి, వీళ్లంతా రోజూ ట్రయల్స్ ఆడినవాళ్లే. కాలు పెడితే పాయింటు కాదు, మూట తడిసేది.

పెట్రోలు ఖర్చుకి భయపడి కొందరు డీజిల్ బుల్లెట్ కొన్నారు. టారస్ అని 325 సీసీ బండి, ట్రాక్టర్ తమ్ముడిలా వణికేది. దాని మైలేజీని పొగిడినవాళ్లని చూశాను, దాని సవారీని పొగిడినవాళ్లని చూడలేదు.

1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చాయి. ముల్లు చూడక్కర్లేదు, ఉస్తాద్ అక్కర్లేదు. అంతకు ముందు ఇంగ్లండ్‌లో అక్కడి కంపెనీలని జపాన్ బండ్లు ఎలా పడగొట్టాయో, మన దగ్గర చెట్టు కింద దుకాణాలని అలాగే ఖాళీ చేశాయి. అప్పటికే గల్ఫ్ తలుపులు తెరుచుకున్నాయి. ఇనుము చప్పుడు వినగలిగిన చెవులు దుబాయ్, షార్జా, దమ్మామ్ గ్యారేజీలకి తరలిపోయాయి. 2010 ప్రాంతంలో పాత ఇనుప ఇంజన్‌కే సెలవు చెప్పారు, కుడికాలి గేరు ఎడమకాలికి మారింది.

చప్పుడుకి మానీ కూడా మారింది. 2021లో ఊరూరా పెళ్లిళ్లలో మోగిన ‘బుల్లెట్టు బండి’ పాట గుర్తుందా? అదే చప్పుడు కోసం ఇప్పుడు పెళ్లికూతురు ఎదురుచూస్తుంది. తలుపు వేసుకున్న ఖాలాలే బారాత్‌లో ఆ పాటకి చప్పట్లు కొట్టడం నేను చూశాను, సంతోషం వేసింది.

హైదరాబాద్ షౌకీన్లు మాత్రం పల్లెలకి వచ్చి పాత కుడిగేరు బండ్లని తుక్కు లెక్కన కొనుక్కుపోయి, రంగులు వేయించి లక్షల్లో చెప్తున్నారు. అమ్మేముందు ఆర్‌సీ కాగితం ఒకసారి చూడండి, ఏ ఏడాది బండో అందులో ఉంటుంది. మీ అబ్బానో, మామూనో బండి పక్కన నిలబడి దిగిన ఫోటో ఇంట్లో ఉంటే, దాని వెనుక ఊరు, సంవత్సరం రాయండి. బండిని బాగుచేసింది ఎవరో గుర్తుంటే ఆ పేరూ రాయండి. జీఓవీ 132కి ఒక మ్యూజియం దొరికింది, మనకి ఫోటో వెనుక జాగా అయినా ఉంది.

నేను కలిసిన ఉస్తాద్ ఆఖరి షాగిర్ద్ ఇప్పుడు షార్జాలో ల్యాండ్ క్రూయిజర్లు బాగుచేస్తాడు. ఎప్పుడైనా ఊళ్లో ఎవరి పాత బుల్లెట్ అయినా మొండికేస్తే, ఉస్తాద్ చూపు ఆనడం లేదు కాబట్టి, ఫోన్‌ని ఇంజన్ పక్కన పెట్టి అతనికి వాట్సాప్‌లో వినిపిస్తారు. అవతలి నుంచి అతను ట్యాపెట్ అంటాడు. ఇవతల ఈయన కాదు, చెయిన్ అంటాడు.