పేరు వ్రాసిన గాదెలు



నేటి నా ప్రసంగము కంప్యూటరు విద్యలోని యొక చిన్న విషయమును గూర్చినది. దానిని జెనరిక్సు అందురు. పేరు క్రొత్తది గాని విషయము మీకు క్రొత్తది గాదు. మన పల్లెలనుండి ఉద్యోగార్థులై హైదరాబాదునకు వచ్చిన యువతీయువకులను ఇంటర్వ్యూలలో తరచుగా నడిగెడి ప్రశ్నలలో నిది యొకటి. ఆ ప్రశ్న యేల పుట్టినదో, దాని వెనుకనున్న చరిత్ర యెట్టిదో పెద్దలకు దెలిసియుండుట మేలని నా యభిప్రాయము. ఏలయన, ఆ చదువులకు రుసుము కట్టువారు మీరే. ఫలమున కెదురుచూచువారును మీరే.

నేనుండు చోటు సనత్‌నగరము. ఉర్దూభాషలో సన్అత్ అనగా పరిశ్రమ. 1942లో స్థాపింపబడిన ఆల్విన్ సంస్థ యిచ్చట బస్సులను, రిఫ్రిజిరేటర్లను తయారుచేసెడిది. ఆ దినములలో పల్లెటూరి పిల్లవాడు పట్టణమునకు వచ్చి ఫిట్టరుపనియో లేతుపనియో నేర్చినచో నొక కుటుంబము నిలిచెడిది. ఇప్పు డా సంస్థ లేదు. ఇచ్చటికి కొలది దూరముననున్న అమీరుపేటలో మైత్రీవనము, ఆదిత్య ఎన్‌క్లేవు పరిసరములు క్రొత్త విద్యకు బజారులైనవి. 2000 సంవత్సరము సమీపించిన కొలదియు, పాత ప్రోగ్రాములలో రెండంకెలతో వ్రాసిన సంవత్సరములను సరిదిద్దు పని ప్రపంచమంతటను బయలుదేరి, ఆ విద్య నేర్చినవారికి గిరాకి హెచ్చెను. 1998 నవంబరు 22వ తేదీన మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభింపబడెను. నాటినుండి జావా మొదలగు భాషల పాఠములకై వచ్చు జనముతో అమీరుపేట వీథులు నిండిపోయినవి. పాఠములతోబాటు జిరాక్సు అంగళ్లలో ప్రశ్నోత్తరముల ప్రతులును అమ్ముడుపోవుచుండును. వానిని వల్లించి యింటర్వ్యూకు బోవువారు పెక్కురు. జవాబు వచ్చును, "అది యట్లేల?" యని మరల నడిగినచో నోరు పెగలదు. ఆ "ఏల"కు సమాధానము చరిత్రలో నున్నది.

ముందుగా విషయమును జెప్పెదను. రైతు యింట గాదెలున్నట్లు ప్రోగ్రామునందు సమాచారమును నిలువచేయు గాదెలుండును. ఒక గాదెకు పేరేమియు లేదనుకొనుడు. అందులో వడ్లు పోయవచ్చును, జొన్నలు పోయవచ్చును, ఎవ్వరు నడ్డగింపరు. తీయునప్పుడు మాత్రము "ఇవి విత్తనపు వడ్లే" యని నమ్మి తీసికొని పోవలెను. నమ్మకము తప్పైనచో నా సంగతి ఎప్పుడు తెలియును? నారుమడిలో వేరుజాతి మొలకలు లేచినప్పుడు తెలియును. అప్పటికి అదను దాటిపోవును. జావాభాష 1995లో లోకమునకు వెల్లడియైన నాటినుండి 2004 వరకు దాని గాదెలలో పెక్కు లిట్టివే. అందులో వేసిన ప్రతిదియు ఆబ్జెక్టు, అనగా నుత్త "వస్తువు". తీయువాడు దాని జాతిని తానే చెప్పుకొనవలెను. తప్పు చెప్పినచో ప్రోగ్రాము నడచుచుండగా, పని నడుమ, నిలిచిపోవును.

దీనికి మందు, గాదెపై ముందుగనే పేరు వ్రాయుట. "ఇది వడ్లగాదె" యని వ్రాసియున్నచో, జొన్నల బుట్టతో వచ్చినవానిని గుమ్మముకడనే కావలివాడు నిలుపును. ఆ కావలివాడే కంపైలరు. మనము వ్రాసిన ప్రోగ్రామును యంత్రమున కర్థమగునట్లు మార్చుచు, తప్పులున్న ముందే యాక్షేపించు సాధనము. అయితే ధాన్యమున కొక్కొక గాదెను వేరువేరుగా నేర్పరుపవలెనా? అక్కరలేదు. దస్తావేజు లేఖరికడ నుండు నమూనాకాగితమును తలచుకొనుడు. "ఫలానా గ్రామ కాపురస్థుడు, ఫలానావారి కుమారుడు" అని యందుండును. కాగిత మొక్కటే, ఫలానా యన్నచోట నసలు పేరు చేరినంతనే అది యొకరి దస్తావేజగును. అట్లే "ఫలానా జాతి గాదె" యని యొక్కమారు వ్రాసి, వలసినప్పుడు వడ్లనియో జొన్నలనియో పూరించుకొనుటయే జెనరిక్సు. పుస్తకములలో ఆ ఫలానాకు "టి" అను నక్షరమును వాడుదురు.

ఈ యూహ జావాతో పుట్టినది గాదు. 1967లో కోపెన్‌హాగెన్ నగరమున నిచ్చిన యుపన్యాసములలో ఆంగ్లేయుడగు క్రిస్టఫర్ స్ట్రేచీ పండితుడు దీనికి శాస్త్రీయమగు పేరు పెట్టెను. ఎడింబరోలో రాబిన్ మిల్నర్ ఎం.ఎల్. అను భాషను నిర్మించి, 1978లో దీని సిద్ధాంతమును ప్రకటించెను. అమెరికాలో ఎం.ఐ.టి.యందు బార్బరా లిస్కోవ్ అను విదుషి తన సి.ఎల్.యూ. భాషలో దీనిని ఆచరణకు దెచ్చెను. 1983లో ప్రామాణికమైన ఏడా భాషలోను, పిమ్మట సి ప్లస్ ప్లస్ భాషలోను ఇది చేరెను. జావాను రూపొందించిన సన్ సంస్థవారు మొదట దీనిని విడిచిరి. 1997లో మార్టిన్ ఓడర్స్కీ, ఫిలిప్ వాడ్లర్ అనువారు పిజ్జా యను పేర జావాకు పెంపుగా నొక భాషను జేసి, ఇది సాధ్యమని చూపిరి. 1998లో గిలాద్ బ్రాచా, డేవిడ్ స్టౌటమైర్ అనువారును వారితో గూడి జి.జె. అను మరియొక రూపమును వెలువరించిరి. దాని యాధారముననే 2004లో వెలువడిన అయిదవ జావాలో జెనరిక్సు ప్రవేశించెను.

ఇచ్చట నొక చిక్కు వచ్చెను. అప్పటికి తొమ్మిదేండ్లుగా లోకమంతటను జావా ప్రోగ్రాములు పేరులేని గాదెలతో నడచుచున్నవి. క్రొత్త యేర్పాటు వచ్చినదని పాతవానిని కూల్చుట యెట్లు? కావున వారొక రాజీ కుదిర్చిరి. గుమ్మముకడ కావలివాడు పేరు చూచి సరిచూచును. లోపలికి పోయిన పిమ్మట నా పేరు తుడిచివేయబడును. నడచు యంత్రమునకు పాతగాదెయు క్రొత్తగాదెయు నొక్కటిగనే కనబడును. దీనినే టైప్ ఇరేజర్ అందురు. అందుచేతనే, నడచుచున్న ప్రోగ్రాములో "నీవు ఏ ధాన్యపు గాదెవు?" అని యడిగిన గాదె చెప్పజాలదు. మైక్రోసాఫ్టు సంస్థలో డాన్ సైమ్, ఆండ్రూ కెన్నెడీ అనువారు సి షార్పు భాషకు వేరుమార్గము నేర్పరచిరి. 2005లో వెలువడిన ఆ యేర్పాటులో పేరు తుదివరకు నిలుచును. అయితే పాతగాదెల ప్రక్కన క్రొత్తగాదెలను వేరుగా నిలుపవలసివచ్చెను. ఒకరు పాతకొత్తల పొత్తును గోరిరి. మరియొకరు పేరు నిలుచుటను గోరిరి. రెండింటికిని వెల యున్నది. 2009లో వెల్లడియైన గో భాష, తొందరపడక, 2022లో గాని దీనిని చేర్చుకొనలేదు.

ఇంటర్వ్యూలో నడుగు మరియొక ప్రశ్నను మీ యెదుట నుంచెదను. ఆవు పశువే గదా. అట్లైన ఆవుల కొట్టము పశువుల కొట్టమగునా? ఔనని తొందరపడినవాడు చిక్కుపడును. మీ ఆవుల కొట్టమును పశువుల కొట్టమని కాగితము వ్రాసి యొకని కప్పగించితిరనుకొనుడు. అతడందు దున్నపోతును గట్టును. దున్నపోతును పశువే గావున నతని తప్పేమియు లేదు. తెల్లవారి చెంబు పట్టుకొని పోయిన ఇల్లాలికి పాలెట్లు దొరకును? కావుననే జావా యీ మార్పిడిని ఒప్పుకొనదు. "చూచి లెక్కించుటకే గాని, క్రొత్తగా గట్టుటకు గాదు" అను షరతుతో నప్పగించిన నొప్పుకొనును. అట్టి షరతులు వ్రాయు విధానమునకే వైల్డ్‌కార్డు అని పేరు. జెనరిక్సు లేని కాలమున నేర్పడిన అర్రే యను గాదె మాత్ర మా మార్పిడిని ఇప్పటికిని ఒప్పుకొని, దున్నపోతును గట్టబోవు వేళ, ప్రోగ్రాము నడచుచుండగా మొరాయించును. ముందు చెప్పవలసిన మాటను వెనుక చెప్పుట యనగా నిదియే.

పెద్దలారా! పొలము కుదువపెట్టియో, ధాన్యము అమ్మియో పిల్లలను పంపితిరి. వారు నేర్చినది మనకు తెలియదని మీరు మౌనము వహింపనక్కరలేదు. కుమారుడైనను కుమార్తెయైనను సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అరుగుమీద గూర్చుండబెట్టుకొని, "గాదెకు పేరేల వ్రాయవలెను? వ్రాసినదానిని జావా యేల తుడిచివేయును? ఆవుల కొట్టము పశువుల కొట్టమేల కాదు?" అని యడుగుడు. ఇంటి మాటలలో మీ కర్థమగునట్లు చెప్పగలిగినచో ఆ విద్య వారికి పట్టుబడినది. పుస్తకపు మాటలే తిరిగి చెప్పినచో నింకను పట్టుబడలేదు. కోపపడక, మరల చదివి రమ్మనుడు. ఇంటర్వ్యూగదిలోని యపరిచితుడు అడుగుటకు ముందే యింటి పెద్ద యడిగిన ప్రశ్న మేలుచేయును. గుమ్మముకడ తెలిసిన తప్పు దిద్దుకొనవచ్చును. నారుమడిలో తెలిసినది నష్టము.