వ్యసనం: వణుకు నుంచి వశం తప్పడం దాకా

ప్రాచీన రోమ్‌లో అప్పు తీర్చలేనివాణ్ని న్యాయాధికారి అప్పిచ్చినవాడికే అప్పగించేవాడు. అలా బానిసైనవాడు ‘అడిక్టస్’. నేటి ‘అడిక్షన్’ ఆ మాట సంతానమే. మాట పాతదే కానీ, ఎవరిని బానిస అనాలో తేల్చే కొలబద్ద మాత్రం పలుమార్లు మారింది.

మొదట శాస్త్రజ్ఞుల చూపంతా ఒంటి మీదే. 1935లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లెక్సింగ్టన్‌లో తెరిచిన ‘నార్కోటిక్ ఫార్మ్’ సగం ఆసుపత్రి, సగం జైలు. అక్కడి ఖైదీలకు మార్ఫిన్ అలవాటు చేసి, ఆపేసి, ఆవులింతలకూ వాంతులకూ జ్వరానికీ మార్కులు వేసేవారు. మానేస్తే ఒళ్లు ఎంత తిరగబడితే వ్యసనం అంత గట్టిదన్నమాట. 1957లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ‘వ్యసనం’ వేరు, ‘అలవాటు’ వేరు అని గీత గీశారు. కొకైన్ లాంటివి ఆ గీతకు లొంగలేదు. మానినా ఒంట్లో అంత అలజడి ఉండదు, మనసు మాత్రం వదలదు. 1964లో ఆ రెండు మాటలనూ పక్కనపెట్టి ‘డిపెండెన్స్’ అన్నారు.

ఈలోగా ఎలుకలు ప్రశ్ననే మార్చేశాయి. 1954లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుక మెదడులోకి సన్నని తీగ దించారు. మీట నొక్కితే అక్కడ చిన్నపాటి కరెంటు. ఎలుక నొక్కుతూనే పోయింది. 1962లో జేమ్స్ వీక్స్ కరెంటు బదులు రక్తనాళంలోకి మార్ఫిన్ అందేలా చేస్తే, దానికీ మీట నొక్కాయి. ‘మానితే ఎంత బాధ?’ అన్న ప్రశ్న పక్కన ‘దొరకడానికి ఎంత పాటుపడుతుంది?’ అన్నది వచ్చి చేరింది.

పరిసరాల సంగతి వియత్నాం యుద్ధం తేల్చింది. అక్కడ హెరాయిన్‌కు బానిసలైన అమెరికన్ సైనికుల్లో, ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసైనవారు సుమారు 5 శాతమేనని లీ రాబిన్స్ అధ్యయనం చూపింది. చోటు మారితే పట్టూ సడలింది.

2013 నాటి అమెరికన్ మనోవైద్యుల గ్రంథం డీఎస్ఎం-5 ఇవన్నీ కలిపి 11 లక్షణాలు చెప్పింది. ఏడాదిలో రెండు కనిపిస్తే స్వల్పం, ఆరూ ఆపైనైతే తీవ్రం. డాక్టరు చెప్పినట్టే మార్ఫిన్ వాడే క్యాన్సర్ రోగికి మానితే వణుకొచ్చినా, అది లెక్కలోకి రాదు.

ఒంట్లోకి ఏ మందూ వెళ్లని జూదాన్ని కూడా ఆ గ్రంథం ఇదే అధ్యాయంలో చేర్చింది. మన సప్తవ్యసనాల్లో పానం సరసన జూదం ఏనాడో కూర్చుంది.