గుల్ అబ్బాస్ వతన్ ఎక్కడ?

మేం ఈ కిరాయి ఇంటికి వచ్చిన కొత్తలో, మొదటి వానలు పడగానే ఆంగన్‌లో గోడ పక్కన ఓ మొక్క లేచింది. మేం నాటింది కాదు. మెత్తటి కాడ, కణుపుల దగ్గర ఉబ్బు, ఎదురెదురుగా కోసుగా ఉన్న ఆకులు. పిచ్చిమొక్కేమో అని పీకబోతే అమ్మీ ఆపింది. "ఠైరో బేటా! పువ్వు చూడకుండా పేరెట్ల చెప్తవ్?"

మొగ్గలేశాయి. పొద్దంతా ముడుచుకుని ఉండి, అసర్ దాటాక ఒక్కొక్కటీ విచ్చుకున్నాయి. సన్నటి గొట్టం, దాని మీద ఐదు మడతల గులాబీ రంగు పళ్లెం, మెల్లగా ఖుష్బూ. తెల్లారి ఎండెక్కేసరికి వాడిపోయాయి. పువ్వు రాలిన చోట మిరియపు గింజ లాంటి నల్లటి, ముడతల బీజ్. పువ్వుకు ఒక్కటే. ఇక అమ్మీకి షక్ లేదు. "గుల్ అబ్బాస్! మా నానీ ఇంట్లో ఇది విచ్చుకుంటే సాయంత్రం పని మొదలుపెట్టేటోళ్లు."

పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఇది చంద్రకాంత కదమ్మా" అంది. అమ్మీ చెప్పిన పేరు విని నవ్వింది. "పేరే చెప్తాంది, మీ గుల్ అబ్బాస్ ఎక్కడి నుంచో వచ్చిందని. మా చంద్రకాంత ఈడిదే." మజాక్‌గానే అంది. కానీ ఆ మాట నా దిల్‌లో ముల్లులా ఉండిపోయింది. మన ఇళ్లల్లో పిల్లలు ఇలాంటి మజాక్‌లు చాలా వింటారు. సరే, చూద్దామని తవారీఖ్ తిరగేశాను.

ఇరాన్‌లో ఈ పువ్వును లాలే అబ్బాసీ అంటారు. అబ్బాస్ అంటే సఫవీ బాద్‌షా షా అబ్బాస్ అని చెప్పుకుంటారు. ఆయన 1588లో తఖ్త్ ఎక్కాడు. మూడేళ్లకు, 1591లో, ఇక్కడ ముహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించాడు. గోల్కొండకూ ఇరాన్‌కూ మధ్య రాయబారులు, తాజిర్లు, షాయర్లు తిరుగుతూనే ఉండేవాళ్లు. ఫార్సీ పేర్లు మన దక్కనీ నాలుక మీద అలా నిలిచాయి.

ఇక్కడిదాకా చూస్తే పెద్దమ్మే గెలిచినట్టుంది. కానీ పువ్వు ఇరాన్‌ది కూడా కాదు! దాని అసలు వతన్ అమెరికా ఖండం, పెరూ, మెక్సికోల వైపు. 1492లో కొలంబస్ సముందర్ దాటాకే ఇవతలి దునియాకు దాని ముఖం తెలిసింది. 1597లో లండన్‌లో అచ్చయిన జాన్ జెరార్డ్ మూలికల గ్రంథంలో ఇది 'పెరూ వింత'. 1753లో లినేయస్ పెట్టిన పేరు మిరాబిలిస్ జలాపా. మిరాబిలిస్ అంటే అజీబ్. జలాపా మెక్సికోలోని ఓ షహర్ పేరు. అంటే మిరప, టమాట, మక్కజొన్న వచ్చిన దిక్కు నుంచే ఇదీ వచ్చింది. (మిర్చీ లేని ఖట్టీ దాల్ ఊహించండి!) చంద్రకాంత, గుల్ అబ్బాస్ రెండూ అది వచ్చాక పెట్టుకున్న పేర్లే. కేరళలో దాన్ని నాలుమణి పూవు అంటారు, నాలుగింటికి పూస్తుందని.

అమ్మీకి అన్నిటికంటే నచ్చిన కిస్సా జర్మనీది. అక్కడి కార్ల్ కోరెన్స్ ఆకుల మీద తెల్ల మచ్చలున్న గుల్ అబ్బాస్ మొక్కలను కలిపి చూసి, ఆ మచ్చల రంగు తల్లి మొక్క నుంచే బిడ్డకు వస్తుందని 1909లో చూపించాడు. పుప్పొడి ఏ రంగు ఆకుల మొక్క నుంచి తెచ్చినా ఫర్ఖ్ పడలేదు. "అమ్మ దిక్కుదే అన్నట్టు!" అని అమ్మీ అబ్బా వైపు చూసి నవ్వింది.

మరి మా ఆంగన్‌లో నాటకుండా ఎలా లేచింది? తవ్వి చూస్తే కింద ముల్లంగంత గడ్డ. ఎండాకాలం పైన మొక్కంతా ఎండినా ఈ గడ్డ జిందా ఉంటుంది, వాన పడితే మళ్లీ చిగురిస్తుంది. మాకంటే ముందున్న కిరాయిదార్లు ఎవరో నాటి వెళ్లి ఉంటారు.

గింజల నుంచి పెంచడం ఆసాన్. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, వేలి కణుపంత లోతులో, మూర దూరానికి ఒకటి నాటండి. వారం, పది రోజుల్లో మొలకలొస్తాయి. ఎండ తగలాలి, నీళ్లు నిలవకూడదు. రెండు, మూడు నెలల్లో పూలు. ఒక్క జాగ్రత్త: గింజలు, గడ్డ జహర్. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి.

పోయిన జుమా రోజు గింజలు కాగితంలో పొట్లం కట్టి పెద్దమ్మకు ఇచ్చి, పెరూ సంగతి చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా చెల్లె ఇంట్ల పసుపుపచ్చది ఉంది, గింజలు తెప్పిస్త" అంది. గోడ పక్కన దానికి జాగా తవ్వి ఉంచాను.