కుంపట్లు వేరు, ప్రార్థన ఒకటి



పిల్లకి సంబంధం చూసేటప్పుడు మనం ఏమేం అడుగుతాం? అబ్బాయి చదువు, ఉద్యోగం, అత్తగారి తీరు. కోనసీమ క్రైస్తవ కుటుంబాల్లో మరో ప్రశ్న కూడా ఉంటుంది: "వాళ్ళదే మిషను?" అని. దేవుడొక్కడే, బైబిలొక్కటే. అయినా ఏరు దాటి కాపరానికి వెళ్ళిన పిల్లకి గుడి మారిపోవచ్చు. ఎందుకంటారా? కాస్త చరిత్ర చెప్పుకుందాం.

1836లో ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు భార్యలతో సహా వచ్చారు. నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషను పెరిగింది. వీరు బ్రదరెన్ వారు. రాజమండ్రి లూథరన్లది, కాకినాడ కెనడా బాప్టిస్టులది. ఎవరి రేవుకి ఏ దొర ముందు వచ్చాడో ఆ ఊరివాళ్ళు ఆ సంఘం వాళ్ళయ్యారు. అంతేకాని ఐరోపాలో పుట్టిన ఆ తగవులు మన పల్లెలవాళ్ళు పెట్టుకున్నవి కావు.

అయితే తేడాలు ఉత్తవీ కావు. లూథరన్లు చంటిబిడ్డకే బాప్తిస్మమిస్తారు. బాప్టిస్టులు, బ్రదరెన్ వారు తెలివి వచ్చి, నమ్మి, నీళ్ళలో మునగాలంటారు. రాజమండ్రి పిల్ల కాకినాడ కోడలైతే, "నీది మళ్ళీ కావాలి" అన్నారనుకోండి. "మా అమ్మ నన్నెత్తుకుని ఇప్పించింది బాప్తిస్మం కాదా?" అని ఆ పిల్ల మనసు చివుక్కుమనదూ?

ఈ బాధని పెద్దది చేసి చూసినవారు అజరయ్య గారు. తమిళ దేశంలో పుట్టి, తెలుగు నేర్చి, 1912లో దోర్నకల్ బిషప్పయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడాయనే. 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది బోధకులు కూడి, కలిసిపోదామని పిలుపిచ్చారు. వారిలో ఆయన ముఖ్యులు. మాటలు 28 ఏళ్ళు సాగాయి. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వారు ఒకటయ్యారు. నాటిన చేతులు పండు కోయలేదు, చూశారా!

కాని లూథరన్లు, బాప్టిస్టులు, బ్రదరెన్ వారు అందులో చేరలేదు. కనుక మన గోదావరి తీరాన కుంపట్లు వేరుగానే ఉండిపోయాయి. అలాగని అంతా విడివిడి అనుకోకండి. పురుషోత్తమ చౌదరి గారి (1803-1890) కీర్తనలకి ఏ గోడా అడ్డు రాలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చాలా సంఘాల వాళ్ళ చేతుల్లోనూ కనిపిస్తుంది. 1964లో రాజమండ్రిలో పలు సంఘాలు కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టుకున్నాయి. తరువాత అది హైదరాబాదు చేరింది.

లోకంలో 1908 నుంచి జనవరి 18-25 తేదీల్లో ఐక్యత కోసం ప్రార్థనవారం జరుగుతోంది. 1968 నుంచి రోమన్ కాథలిక్కులు, ఇతర సంఘాల వారు ఆ ప్రార్థనల్ని కలిసే తయారుచేస్తున్నారు. ఆడవాళ్ళు మాత్రం అంతకాలం ఆగలేదండీ. 1887లో అమెరికాలో మేరీ జేమ్స్ అనే ఆవిడ పిలుపుతో మొదలైన స్త్రీల ప్రార్థనదినం 1927కల్లా ప్రపంచ దినమైంది. మార్చి మొదటి శుక్రవారం జరుపుతారు. ఏటా ఒక్కో దేశపు స్త్రీలు ఆ ప్రార్థన రాస్తారు, మిగతావాళ్ళు దాన్నే చెప్పుకుంటారు.

బిషప్పులు 28 ఏళ్ళు కూర్చుని మాట్లాడినది సిద్ధాంతం. అదీ కావలసిందే. కాని వేరుపడ్డ తోడికోడళ్ళు పొయ్యిలు ఒకటి చేయకుండానే పండగనాడు ఒక పంక్తిన కూర్చోవడం మనకి తెలియనిదా? పంక్తి కలిస్తే, మాట కలుస్తుంది. ఆ తరవాతి సంగతి నిదానంగా తేల్చుకోవచ్చు.

ఈసారి మీ వీధిలో ఏ మిషను కోడలైనా కొత్తగా కాపరానికొస్తే, "మీదే గుడి?" అని అడిగే ముందు, "రామ్మా, కూర్చో" అనండి. ఐక్యత మొదలయ్యేది అక్కడే.