తీగపని నుండి కాంట్రాక్టు వరకు

1902లో శివనసముద్రపు జలవిద్యుత్తు 92 మైళ్ళ దూరము తీగలపై పోయి కోలారు బంగారు గనులకు చేరినది. ఆ గనులనే నమ్ముకొని మన తెలుగు కుటుంబములెన్నో బ్రతికినవి. 1905లో బెంగుళూరు వీధులలో దీపములు వెలిగినవి. ఇండ్లకు కరెంటు రాగా తీగపని ఒక వృత్తియైనది.

టేకు బద్దెలు కొట్టి వైరు లాగుట పక్కన నిలిచి చూచి నేర్వవచ్చును. చిక్కంతయు ఆపైననే. 1956 నాటి విద్యుత్ నిబంధనలలో 45వ దాని ప్రకారము పనివానికి పర్మిటు, సూపర్‌వైజరుకు యోగ్యతాపత్రము, పని ఒప్పుకొనువానికి లైసెన్సు ఉండవలెను. (బల్బు, ఫ్యూజు మార్చుటకు అక్కరలేదు లెండి!) మెగ్గరు పట్టి పరీక్షించినది ఒకడు, రిపోర్టుపై సంతకము మరొకరిది, బిల్లు సొమ్మును వారిదే. నెలజీతపు గుమాస్తాలమైన మాకు ఆ బాధ ఆలస్యముగా తెలిసినది. చేయి తిరిగినవాడు సైతము పరీక్షకు కూర్చుండి, మెగ్గరు సొంతముగా కొని, లైసెన్సు పొందిననాడే తన పేర బిల్లు వ్రాయగలిగెను.

2001లో కోలారు గనులు మూతబడినవి. నిబంధనలు 2010లో మారినవి. ఆ మూడు కాగితములు మాత్రము నిలిచినవి.